మేనకోడలికి ఉత్తరం: కోడ్ సర్దాక స్కోరు సున్నా దగ్గరే ఆగితే

చిరంజీవి అమ్మడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన పైథాన్ క్విజ్ ప్రోగ్రామ్ చూశాను. అంతా ఒకే ఫైల్లో ఉన్నప్పుడు బాగానే నడిచిందనీ, ఫంక్షన్లుగా విడగొట్టి మూడు ఫైళ్లలోకి సర్దాక ఎన్ని సరైన జవాబులిచ్చినా స్కోరు సున్నాయే చూపిస్తోందనీ రాశావు. ఆ టెన్షన్‌లో జవాబు సరిచూసే ఇఫ్ కండిషన్‌ను రకరకాలుగా తిరగరాశావట. ముందు దాన్ని మొదట ఎలా ఉందో అలాగే పెట్టెయ్. మొన్నటిదాకా పనిచేసిన లాజిక్ చోటు మారినంత మాత్రాన పాడవదు. సర్దినప్పుడు తెగేవి మధ్యలో ఉండే లింకులు. ఏ పేరు ఎంతవరకు కనిపిస్తోంది, ఏ విలువ ఎక్కడికి చేరుతోంది అన్నది చూడాలి.

జవాబు సరిచూసే నీ ఫంక్షన్ స్కోరును పారామీటర్‌గా, అంటే బయటి నుంచి అందే విలువగా తీసుకుంటోంది, లోపల ఒకటి కలుపుతోంది, రిటర్న్ చేయకుండానే, అంటే కొత్త విలువను పిలిచిన చోటికి తిరిగి ఇవ్వకుండానే ముగిసిపోతోంది. స్కోరు += 1 అన్నప్పుడు పైథాన్ పాత అంకెను మార్చదు. కొత్త అంకెను ఫంక్షన్ లోపలి పేరుకు తగిలిస్తుంది. బయటి స్కోరు సున్నాగానే ఉంటుంది. మరి తప్పు జవాబుల లిస్టు మాత్రం సరిగ్గా ఎలా వస్తోందని అడిగావు చూడు, అది మంచి ప్రశ్న. అపెండ్ కొత్త లిస్టు తయారుచేయదు, ఉన్నదానికే చేరుస్తుంది. లోపలా బయటా ఉన్నది ఒకటే లిస్టు కాబట్టి మార్పు రెండు చోట్లా కనిపిస్తుంది. ఫంక్షన్లే లేనప్పుడు నీ ప్రోగ్రామ్‌లో ఈ తేడా బయటపడలేదు.

అనుమానం తీరాలంటే ఫంక్షన్ లోపల చివర్లో ఒక ప్రింట్, దాన్ని పిలిచిన వెంటనే బయట ఒక ప్రింట్ పెట్టి సరైన జవాబు ఒకటి ఇవ్వు. లోపల 1, బయట 0 వస్తే తెగిన చోటు దొరికినట్టే. అప్పుడు రిటర్న్ పెట్టు. అదొక్కటే చాలదు, పిలిచిన చోట ఆ విలువను మళ్లీ స్కోరులోకి తీసుకోవాలి. చాలామంది ఈ రెండో సగం మర్చిపోతారు.

మీ క్లాసులో ఎవరో స్కోరును అన్ని ఫంక్షన్లూ మార్చగలిగేలా గ్లోబల్ పెట్టేయమన్నారట. నాకా సలహా నచ్చలేదు. పైథాన్‌లో గ్లోబల్ అంటే ఆ ఒక్క ఫైలుకే గ్లోబల్. ఇంకో ఫైలు నుంచి ఫ్రమ్ ఇంపోర్ట్‌తో స్కోరు తెచ్చుకుంటే, తెచ్చుకున్న క్షణంలో ఉన్న సున్నాయే నీ దగ్గర ఉండిపోతుంది. అక్కడ పెరిగినా ఇక్కడికి తెలియదు. ఎర్రర్ కూడా రాదు, అదే అసలు తలనొప్పి.

ప్రశ్నలను కలగలిపే కోడ్‌నూ వేరే ఫైల్లో పెడతానన్నావు. పెట్టు గానీ ఆ ఫైలుకు రాండమ్ అని మాత్రం పేరు పెట్టకు. ఇంపోర్ట్ చేసినప్పుడు పైథాన్, కలగలిపే షఫుల్ ఉన్న తన సొంత రాండమ్‌ను వదిలేసి నీ ఫైలునే తెస్తుంది, షఫుల్ అనేదే లేదంటుంది.

మిగతా సర్దుడు ఇలా ఒకేసారి చేయకు. నడిచిన పాత ఫైలు ఉందిగా, దాన్ని గిట్‌లో (కోడ్ మార్పులను గుర్తుపెట్టుకునే సాధనం) కమిట్ చేసి, అంటే ఆ స్థితిని భద్రపరిచి, అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టు. ఒక్క ఫంక్షన్ కదుపు, రన్ చెయ్, కమిట్ చెయ్, ఆ తర్వాతే రెండోది. కదిపేటప్పుడు పేర్లు మార్చడం, కొత్త ఫీచర్ చేర్చడం వద్దు. ఏదైనా ఆగితే, మారిన లైన్లు చూపే గిట్ డిఫ్‌లో కనిపించే ఆ పది లైన్లే చూసుకోవాలి. ఎప్పుడు చెడిందో తెలియకపోతే తప్పు మొదలైన కమిట్‌ను వెతికిపెట్టే గిట్ బైసెక్ట్ ఉంది. ప్రతిసారీ సగం కమిట్లను పక్కన పెడుతుంది కాబట్టి వంద కమిట్లలో తప్పు ఎక్కడ మొదలైందో ఏడు పరీక్షల్లో తేలిపోతుంది.

ఎర్రర్ వస్తే పైథాన్ చూపించే వివరాన్ని, అంటే ట్రేస్‌బ్యాక్‌ను, కింది నుంచి చదువు. చివరి లైనులో ఏం జరిగిందో ఉంటుంది, దాని పైన ఏ ఫైలు, ఎన్నో లైను అన్నది ఉంటుంది. అర్థంకాకపోతే నాకు పంపు. స్క్రీన్‌ను ఫోన్‌తో ఫొటో తీసి కాదు, అక్షరాలను మొత్తం కాపీ చేసి పంపు.

మీ మామయ్య