2025 కాల్డర్ ట్రోఫీ హట్సన్‌కి ఇవ్వడం న్యాయమేనా?

అడిగింది ఇదీ: 2024-25 సీజన్‌లో నేషనల్ హాకీ లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడికి ఇచ్చే కాల్డర్ ట్రోఫీ మాంట్రియల్ డిఫెండర్ లేన్ హట్సన్‌కి వెళ్లింది. 70 మ్యాచ్‌ల్లోనే 63 పాయింట్లు (గోల్స్, గోల్‌కి అందించినవీ కలిపి) తెచ్చిన శాన్ హోసే కుర్రాడు మాక్లిన్ సెలెబ్రినీకి ఇది అన్యాయం కాదా?

కాదు. నాకు ఓటుంటే నేనూ హట్సన్‌కే వేసేవాణ్ణి. అలాగని ఐస్ హాకీలో నేను పండితుణ్ణేం కాదు. మాది పర్లాకిమిడి. మంచుగడ్డ అంటే మాకు చెరుకురసం బండి దగ్గర గోనెసంచిలో చుట్టి ఉంచేదే. దాని మీద స్కేట్లు కట్టుకుని ఆడతారని చాలా ఆలస్యంగా తెలిసింది. నాకు తెలిసింది మట్టి గ్రౌండు మీద ఆడే మన హాకీ. ఒడిశాలో ఉన్నా మా గజపతి జిల్లా వైపు అదీ తక్కువే. హాకీ అంటే సుందర్‌గఢ్ వాళ్లదే, మావాళ్లకి క్రికెట్టూ ఫుట్‌బాలూ. అయినా స్కూల్లో ఆటల మాస్టారుగా ఉన్నాను కాబట్టి ఏటా పదిహేనుమంది పిల్లల్ని పోగేసి ఆడిస్తుంటాను.

కొన్నేళ్ల కిందట సంక్రాంతి వెళ్లాక ఒక టోర్నమెంట్ పెట్టాం. ఆరు జట్లు. ఉత్తమ కొత్త ఆటగాడికి కాంపోజిట్ స్టిక్ ఇస్తానని ఒక హార్డ్‌వేర్ షాపాయన ముందుకొచ్చాడు. అవార్డు తేల్చడానికి ముగ్గురం కూర్చున్నాం: నేను, రైల్వేలో చేసి రిటైరైన ఒక పెద్దాయన, ఇంకో స్కూలు ఒడియా మాస్టారు. ముఖ్య అతిథి అప్పటికే వచ్చేశారు, మైకువాడు తొందర పెడుతున్నాడు. స్కోర్‌షీట్లు ముందేసుకుని చూశాం. ఒక సెంటర్ ఫార్వర్డ్‌వి ఏడు గోల్స్. ఇంకెవరివీ మూడు దాటలేదు. ఐదు నిమిషాల్లో పని అయిపోయింది, చప్పట్లు, ఫొటో.

మర్నాడు టీకొట్టు దగ్గర ఓడిపోయిన జట్టు కోచ్ నన్ను పట్టుకున్నాడు. "ఏటి మాస్టారూ, ఆ గుంటడు మీకు కొత్తోడిలా కనిపించాడా? మూతి మీద మీసం చూళ్లేదా?" అని ఫోన్ తీసి ఫొటో చూపించాడు. మా సెంటర్ ఫార్వర్డే, రెండేళ్ల ముందు ఇంకో జిల్లా టోర్నమెంట్‌లో, మెడలో పతకంతో. ఈ ఏడు జట్టు మారాడు, అంతే. మా నిబంధనలో 'కొత్త ఆటగాడు' అని రాసుకున్నాం గానీ కొత్త అంటే ఏంటో రాసుకోలేదు. వయసు కాగితం అడగలేదు. తప్పు వాడిది కాదు, మాదే.

అంతకంటే నన్ను కుట్టింది ఇంకోటి. ఆ ఏడు గోల్స్‌లో నాలుగు పెనాల్టీ కార్నర్‌లవి, అంటే గోల్ ముందు గీసిన అర్ధవృత్తంలో, 'డి'లో, ఎదుటివాళ్లు తప్పు చేస్తే దొరికే అవకాశాలవి. ఆ కార్నర్‌లు ఎలా వచ్చాయా అని గుర్తు చేసుకుంటే ప్రతిసారీ ఒకే మొహం తడుతోంది. గుమ్మా వైపు సవర పల్లెల నుంచి వచ్చిన ఒక బక్కపల్చటి పిల్లాడు, ఎడమ పక్క మధ్యలో కాసే లెఫ్ట్ హాఫ్. గతుకుల్లో బంతి ఎటు ఎగురుతుందో ముందే తెలిసినట్టు ఆపేవాడు, ఆపినవాడు అక్కడితో వదలక డి దాకా తీసుకెళ్లేవాడు. వాడి పేరు కోసం షీట్లన్నీ మళ్లీ తిరగేశాను. ఒకేఒక్క చోట ఉంది. తప్పు చేస్తే అంపైర్ చూపించే గ్రీన్ కార్డు దగ్గర.

మన హాకీ స్కోర్‌షీట్‌లో గోల్ ఎవరు కొట్టారో రాస్తాం, కార్డు ఎవరికి చూపించామో రాస్తాం. బంతి ఎవరు అందించారో రాయడానికి గడి లేదు. ఐస్ హాకీలో ఉంది. ఒక గోల్‌కి దాని ముందు పక్ (బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల) అందించిన ఇద్దరి దాకా అసిస్టు ఇస్తారు, గోల్‌కైనా అసిస్టుకైనా ఒక్కో పాయింటే. హట్సన్‌వి 66 పాయింట్లు. అందులో గోల్స్ ఎన్ని? ఆరు. మిగతా 60 అసిస్టులే. కొత్తగా వచ్చిన డిఫెండర్‌కి ఒక సీజన్‌లో ఇన్ని అసిస్టులు రావడం అంతకుముందు ఒక్కసారే, 1980-81లో లారీ మర్ఫీకి. అదే హట్సన్ మా పర్లాకిమిడి గ్రౌండులో ఆడి ఉంటే మా షీట్‌లో ఆరు గోల్స్‌వాడిగా మిగిలిపోయేవాడు. మేము ముగ్గురం ఐదు నిమిషాల్లో అతన్ని దాటేసేవాళ్లం.

ఈ లెక్కలన్నీ నాకు అబ్బింది మా మేనల్లుడి పుణ్యాన. వాడు వాంకూవర్ దగ్గర ఉంటాడు. అక్కడ రాత్రి మ్యాచ్ మొదలయ్యేసరికి ఇక్కడ నేను ఇడ్లీ ముందు కూర్చుంటాను, వాడి మెసేజ్‌లు అప్పుడే దిగుతాయి. సెలెబ్రినీ అంటే వాడికి ప్రాణం, ఎందుకంటే ఆ కుర్రాడు నార్త్ వాంకూవర్ వాడు. "మావయ్యా, పద్దెనిమిదేళ్లకే లీగ్‌లో అట్టడుగు జట్టుని భుజాన మోశాడు. మ్యాచ్‌కి లెక్క కట్టి చూడు" అన్నాడు. కట్టాను. సెలెబ్రినీకి మ్యాచ్‌కి 0.9 పాయింటు, హట్సన్‌కి 0.8. 25 గోల్స్, 38 అసిస్టులు, అదీ మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టి గాయంతో 12 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాక. వాడి వాదనలో బలం లేదని అనను. పక్కన గట్టి ఆటగాళ్లు లేని జట్టులో ఎదుటివాళ్ల కళ్లన్నీ ఒక్కడి మీదే ఉంటాయి.

కానీ సెలెబ్రినీ ఫార్వర్డు. పాయింట్లు తేవడమే ఫార్వర్డు పని. హట్సన్ అవే పాయింట్లు వెనక నుంచి తెచ్చాడు, 82 మ్యాచ్‌లూ ఆడి, అరవై నిమిషాల ఆటలో సగటున 22 నిమిషాలకు పైగా మంచు మీదే ఉండి. ఆ ఆటలో మంచు మీదున్న ఆటగాళ్లు ముక్కాలు నిమిషానికోసారి మారుతుంటారు, 22 నిమిషాలంటే కోచ్‌కి గుండెదిటవు ఉండాలి. పైగా మనిషి అయిదడుగుల తొమ్మిదంగుళాలు, ఆ లీగ్ డిఫెండర్లలో పొట్టి. 2022 డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ జట్లు వంతులవారీగా కుర్రాళ్లని ఎంచుకునే చోట, అతని పేరు పిలిచేసరికి 61 మంది వెళ్లిపోయారు. సెలెబ్రినీ 2024లో అందరికంటే ముందు పిలుపందుకున్నవాడు. హట్సన్ కాల్డర్ గెలిచిన సీజన్‌లో మాంట్రియల్ ప్లేఆఫ్స్‌కి (సీజన్ చివర కప్పు కోసం జరిగే పోరుకి) చేరింది కూడా.

మ్యాచ్‌లు తప్పినందుకే సెలెబ్రినీ ఓడాడని కొందరంటారు. అది నిలిచే మాట కాదు. 2024లో షికాగో ఫార్వర్డ్ కానర్ బెడార్డ్ దవడ విరిగి 14 మ్యాచ్‌లు తప్పాడు, అయినా 61 పాయింట్లతో అవార్డు అతనిదే. 82 మ్యాచ్‌లూ ఆడి, రోజూ దాదాపు 25 నిమిషాలు ఎదుటి జట్టు మేటి ఫార్వర్డ్‌లని కాసిన మిన్నెసోటా డిఫెండర్ బ్రాక్ ఫేబర్ మిగిలిపోయాడు. ఆ ఏడు నేనైతే ఫేబర్‌కే ఇద్దును. మా లెఫ్ట్ హాఫ్ గుర్తొచ్చి అంటున్నానని మేనల్లుడి ఆరోపణ, నిజమే కావచ్చు.

ఇక కొత్త ఆటగాడు అంటే ఎవరు అన్నది. మేము మీసాల దగ్గర దెబ్బతిన్నట్టే ఆ లీగూ దెబ్బతింది. 1990లో కాల్డర్ గెలిచిన సెర్గేయ్ మకరోవ్‌కి అప్పటికి 31 ఏళ్లు. సోవియట్ జట్టులో ఏళ్లతరబడి ఆడి వచ్చినవాడు. దాంతో సీజన్ మొదలయ్యే ఏడాది సెప్టెంబర్ 15 నాటికి 26 నిండకూడదని గీత గీశారు. అంతకుముందు ఏ సీజన్‌లోనూ 25 మ్యాచ్‌లు దాటకూడదు, ఏ రెండు సీజన్లలోనూ ఆరేసి ఆడి ఉండకూడదు. గీత గీసినా చిక్కులు పోలేదు. 2016లో రష్యా లీగ్‌లో పండి వచ్చిన 24 ఏళ్ల పనారిన్ 77 పాయింట్లతో గెలిచాడు, కాలర్‌బోన్ విరిగి 45 మ్యాచ్‌లే ఆడి 48 తెచ్చిన మెక్‌డేవిడ్ ఓడాడు. గ్రెట్జ్‌కీ సంగతి ఇంకా విడ్డూరం. లీగ్‌లో మొదటి ఏడాదే 137 పాయింట్లు తెచ్చినా, అంతకుముందు వేరే లీగ్‌లో ఆడాడని అర్హుడు కాదన్నారు. మాంట్రియల్ గోల్‌కీపర్ కెన్ డ్రైడెన్ కథ దీనికి తలకిందులు. 1971లో ప్లేఆఫ్స్‌లో మేటి ఆటగాడిగా బహుమతి అందుకుని, కప్పు కూడా గెలిచి, ఆ తర్వాతి ఏడాది 'కొత్త ఆటగాడు' అవార్డు తీసుకున్నాడు! ఆయన తర్వాత మాంట్రియల్‌కి కాల్డర్ మళ్లీ వచ్చింది హట్సన్‌తోనే.

అవార్డు ఆఖరి ముగ్గురిలో ఒకడైన కాల్గరీ గోల్‌కీపర్ డస్టిన్ వుల్ఫ్ గురించి ఎవరూ అడగలేదు గానీ ఒక మాట. డ్రాఫ్ట్‌లో 214వ వాడు, ఏడో రౌండు, ఇంకాస్తుంటే ఎవరూ పిలవకుండా ఇంటికెళ్లేవాడు. 29 మ్యాచ్‌లు గెలిపించాడు. కాల్గరీ జట్ల పట్టికలో 96 పాయింట్లు తెచ్చీ, అన్నే తెచ్చుకున్న సెయింట్ లూయిస్ కంటే టైబ్రేక్‌లో వెనకబడి ప్లేఆఫ్స్‌కి దూరమైంది. నా జాబితాలో వుల్ఫ్ రెండోవాడు, సెలెబ్రినీ మూడు. ఇది రాసినందుకు మేనల్లుడు రెండ్రోజులు మాట్లాడలేదు. 26 గోల్స్‌తో కొత్తవాళ్లందరిలో ముందున్న ఫిలడెల్ఫియా ఫార్వర్డ్ మిచ్‌కోవ్ ఆఖరి ముగ్గురిలోనే లేడు. మా కమిటీ అయితే స్టిక్ తీసుకెళ్లి అతని చేతిలో పెట్టేది.

ఓటు ఎవరి చేతిలో ఉందన్నది కూడా చూడాలి. కాల్డర్‌కి ఓటేసేది హాకీ రాసే విలేకరులు. మన హాకీలో 2021 ప్రపంచ అవార్డుల్లో అభిమానుల ఓట్లూ కలిశాయి. ఎనిమిది బహుమతులూ మనకే వచ్చాయి, కొత్త తారలుగా వివేక్ సాగర్ ప్రసాద్, షర్మిలా దేవితో సహా. టోక్యోలో స్వర్ణం గెలిచిన బెల్జియంకి ఒక్కటీ లేదు, వాళ్లు బహిరంగంగానే నొచ్చుకున్నారు. ఆ రోజు నేనూ సంబరపడ్డాను. స్వీట్లు కూడా పంచాను. కానీ అది ఆట చూసి వేసిన ఓటేనా అని ఎవరైనా నన్ను అడిగితే చూపు పక్కకి తిప్పుకుంటాను.

మరుసటి ఏడు మా స్కోర్‌షీట్‌లో 'అందించినవాడు' అని ఒక గడి గీశాం. పుట్టిన తేదీ కాగితం లేనివాడికి కొత్త ఆటగాడి అవార్డు లేదని కూడా రాశాం. ఆ లెఫ్ట్ హాఫ్ మళ్లీ రాలేదు. చదువు మానేసి పనికి వెళ్లిపోయాడని వాళ్ల ఊరివాళ్లు చెప్పారు. గడి మాత్రం ఉంది, దాని దగ్గర ఏటా గొడవే. బంతి నా కర్రకి తగిలింది సార్ అని ఒకడు, నాది అని ఇంకోడు, షీట్ రాసే పిల్లాడు బిక్కమొహం వేసి నా వైపు చూస్తాడు.