మదరాసు తెలుగులో కథ రాస్తానన్న అమ్మాయికి

చెన్నై

అమ్మాయీ,

కథ మొత్తం మీ పెరంబూరు ఇంట్లో మాట్లాడుకునే తెలుగులోనే రాస్తానంటే స్నేహితులు వద్దన్నారని రాశావు. యాస సంభాషణల వరకే ఉంచి, కథనం 'మంచి తెలుగు'లో నడపమన్నారట. వినకు. అలా రాస్తే కథకుడు అరుగు మీదా, పాత్రలు కిందా కూర్చున్నట్టు ఉంటుంది. కథ చెప్పే మనిషి కూడా ఆ వీధివాడే కావాలన్నది కదా నీ ఆలోచన!

ఆ 'మంచి తెలుగు' కూడా ఒకప్పుడు పోట్లాడి తెచ్చుకున్నదే. 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు గ్రాంథికం వైపు నిలబడింది. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు ఉపన్యాసాలతో సరిపెట్టుకోలేదు. పాత గ్రంథాల్లోంచి ప్రయోగాలు ఏరి చూపించారు, గ్రాంథికవాదుల రాతల్లోనే తప్పులు పట్టారు, 1919లో 'తెలుగు' అనే పత్రిక పెట్టారు. నీకూ అలాంటి సరంజామా కావాలి. ఉత్త పట్టుదలతో పని జరగదు.

ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ళ మాటలు, వాళ్ళనడిగి, ఫోన్‌లో ఓ ఇరవై నిమిషాలు రికార్డు చెయ్యి. వినపడింది వినపడినట్టే రాసుకో, సవరించకు. అందులోంచి క్రియారూపాలు ఏరి పట్టిక వెయ్యి: ఉండాది, వచ్చిండాది, తీసుకోని... నలభై రూపాలు చేరితే కథకు సరిపోతాయి. నెల్లూరు నుంచి వచ్చినవాళ్ళ మాటా, తరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళ మాటా ఒకటి కాదు, కాబట్టి ఒక్క ఇంటినే పట్టుకో. ఇలాంటి కథలు ఎక్కువగా చెడేది ఇక్కడే. రెండో పేజీలో 'ఉండాది' అన్న మనిషి ఐదో పేజీలో 'ఉంది' అంటే పాఠకుడు అచ్చుతప్పు అనుకుంటాడు, ప్రూఫులు దిద్దేవాడు అన్నీ 'ఉంది' చేసేస్తాడు. మార్చకూడని రూపాల జాబితా ఒక పేజీ రాసి కథతో జతచెయ్యి.

తమిళ మాటలకు బ్రాకెట్లో అర్థాలు ఇవ్వకు. "తణ్ణి లారీ వచ్చిండాది, కొడం తీసుకోని సీక్రం రా" అని తల్లి కేకేసిందనుకో. తరవాతి వాక్యంలో పిల్ల ప్లాస్టిక్ బిందె చంకనబెట్టుకుని మెట్లు దిగి పరిగెత్తితే వరంగల్ పాఠకుడికీ తెలిసిపోతుంది. మొదటి పేజీలో మాత్రం అలాంటి కొత్త మాటలు మూడు నాలుగు దాటనీయకు. భాష కొత్తదైనప్పుడు కథను వరసగానే చెప్పు. కాలాన్ని కూడా ముందువెనకలు చేశావా, పాఠకుడు దేన్ని పట్టుకుని నడవాలి?

చిత్తు పూర్తయ్యేదాకా ఎవరికీ చెప్పకు. చెప్పుకున్నకొద్దీ రాయాలన్న దుగ్ధ చల్లారుతుంది. పూర్తయ్యాక ముగ్గురికివ్వు: ఒకరు చెన్నైవాళ్ళు, ఒకరు గుంటూరో వరంగలో, ఇంకొకరు కథల గొడవ పట్టనివాళ్ళు. బాగుందా అని అడగొద్దు, మొహమాటానికి బాగుందనేస్తారు. చదువుతూ ఆగిన చోటల్లా పెన్సిల్ గీత పెట్టమను. ముగ్గురూ ఒకేచోట ఆగితే అక్కడ వాక్యం చెడింది, తిరగరాయి. గుంటూరాయన ఒక్కడే ఆగితే వదిలెయ్.

పత్రికకు పంపి మూడు నెలలు చూడు. భాష మార్చమంటే మర్యాదగా వెనక్కి తీసుకో. నాలుగైదు కథలయ్యాక నువ్వే 48 పేజీల చిన్న పుస్తకం వేసుకో: మామూలు కథల పుస్తకాల డెమ్మీ 1/8 సైజు, 70 జీఎస్ఎమ్ మందం 'మ్యాప్‌లితో' రకం కాగితం, మధ్యలో పిన్నులు. పిన్నుల పుస్తకానికి పేజీలు నాలుగుతో భాగింపబడాలి. వంద కాపీలకైతే డిజిటలే నయం, ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు గిట్టదు. ట్రిప్లికేన్ ప్రెస్సుల్లో తెలుగు చదివేవాళ్ళు ఉంటారన్న నమ్మకం లేదు, వత్తు ఊడినా గమనించరు. ఫాంట్లు లోపలే పొదిగిన (ఎంబెడ్ చేసిన) పీడీఎఫ్ ఇచ్చి, ఒక కాపీ తీయించి, అక్షరం అక్షరం చూశాకే మిగతావి వెయ్యమను. యూనికోడ్ నుంచి ప్రెస్సులవాళ్ళు వాడే 'అను' ఫాంట్లకు మారిస్తే ప్రూఫు మళ్ళీ మొదటినుంచీ చూడాల్సిందే.

ప్రెస్సు సంగతి తరవాత. ముందు ఆ క్రియల పట్టిక, మొదటి రెండు పేజీలు పంపు. కథ మొత్తం ఇప్పుడే వద్దు.

ఆశీస్సులతో.