కిట్ గిటార్‌కి హమ్, పైగా తెల్లబడిన పాలిష్

ప్రశ్న: మూడు సింగిల్ కాయిల్ పికప్‌ల (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే, ఒక్కో రాగితీగ చుట్ట ఉన్న అయస్కాంత భాగాలు) గిటార్ కిట్ తెప్పించి ఇంట్లోనే బిగించాను. ఆంప్‌కి పెడితే గుయ్యిమని హమ్, తీగల మీద చెయ్యేస్తే తగ్గుతుంది. వైరింగ్ అంతా పీకేయాలా? వానల్లో కొట్టిన నైట్రో లాకర్ పాలిష్ కూడా తెల్లగా మసకబారింది. – ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: పీకొద్దండీ. చెయ్యేస్తే తగ్గుతోందంటే తీగలు ఆనే బ్రిడ్జి కింది గ్రౌండ్ వైరు బాగానే ఉన్నట్టు, లోపించింది షీల్డింగ్, అంటే బయటి కరెంటు రొదను ఆపే లోహపు పొర. పికప్‌లు, పాట్‌లు (వాల్యూమ్, టోన్ నాబ్‌ల కింది భాగాలు) కూర్చునే గుంతల్లో రాగి టేపు అంచులు ఒకదానిమీద ఒకటి పడేలా అతికించి, అతుకుల దగ్గర చుక్క సోల్డర్ వేసి, దాన్నొక వైరుతో పాట్ వెనక గ్రౌండ్‌కి కలపండి. కేబుల్ గుచ్చే జాక్‌లో సిగ్నల్ కొన మాత్రం ఆ టేపుకి తగలకూడదు, తగిలితే సౌండే రాదు. హమ్ మొత్తం పోతుందని ఆశపడకండి, సింగిల్ కాయిల్స్ నైజమే అంత, ఆంప్‌కి కాస్త దూరం జరిగి వాయించండి. పాట్‌లు 500కె (కిలో ఓమ్‌లు) అయితే 250కె వేయండి, చెవిలో గుచ్చే పదును తగ్గుతుంది. అన్నట్టు, తీగలు ముట్టుకుంటే జివ్వుమంటే మాత్రం వెంటనే ఆపి, ఇంటి ఎర్తింగ్ ఎలక్ట్రీషియన్‌కి చూపించండి.

ఇక తెలుపంటారా, థిన్నర్ ఆరేటప్పుడు చల్లబడిన పూతమీద గాల్లో తేమ పట్టేస్తుంది, అంతే. బాగా ఎండకాసిన రోజు పైన పల్చగా లాకర్ థిన్నర్ స్ప్రే చేస్తే చాలావరకు పోతుంది. నెక్ కూర్చునే గాడిలో మాత్రం లాకర్ పడనివ్వకండి, మందంగా పేరుకుంటే నెక్ సరిగ్గా కూర్చోదు.