ఎరువు కుళ్లడం, నీరు ఉప్పెక్కడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఎరువుల గురించి, సగం బోరు నీళ్ల గురించి. చూడటానికి వేర్వేరు సంగతులే. కానీ మట్టిలో ఆకూ అలమూ కుళ్లినప్పుడు పుట్టే బొగ్గుపులుసు వాయువే అడుగున రాతిని కరిగించి నీటికి ఖనిజాలు అందిస్తుంది. అందుకే అన్నిటినీ ఒకచోటే పెట్టాం.

ప్రశ్న: హార్వెస్టర్‌తో కోయించాక గడ్డి కాల్చకుండా దమ్ములో కలిపేశాం. వారం తిరక్కుండా నాట్లు వేశాం. ఇరవై రోజులకు పైరు పసుపుపచ్చగా తిరిగింది. గడ్డి ఎరువవుతుందన్నారు కదా?
(వరి రైతు, మిర్యాలగూడ ప్రాంతం)

ఎరువవుతుంది, కానీ ముందు అప్పు పుచ్చుకుంటుంది. టన్ను ఎండుగడ్డిలో కర్బనం సుమారు 400 కిలోలు ఉంటే నత్రజని ఆరు కిలోలే ఉంటుంది. గడ్డిని తినే సూక్ష్మజీవులు ఆ కర్బనంలో మూడింట రెండు వంతుల దాకా బొగ్గుపులుసు వాయువుగా వదిలేసి, మిగిలిన 130 కిలోలతో పెరుగుతాయి. వాటి కణాల్లో ప్రతి 8–10 పాళ్ల కర్బనానికి ఒక పాలు నత్రజని ఉండాలి. అంటే 13 నుంచి 16 కిలోలు కావాలి. తక్కువ పడిన 7–10 కిలోలను మట్టిలోంచి, మీరు చల్లిన యూరియాలోంచి లాక్కుంటాయి. ఆ సూక్ష్మజీవులు చచ్చాక అదే నత్రజని అమ్మోనియంగా తిరిగి బయటికొస్తుంది. ఇలా సేంద్రియ రూపంలోంచి మొక్క తీసుకోగల రూపంలోకి రావడాన్నే ఖనిజీకరణ అంటారు. పంట దుబ్బు చేసే సమయానికి అది అందకపోవడమే మీ చేలో జరిగింది.

కర్బన–నత్రజని నిష్పత్తి 20–25 లోపున్న పదార్థం మొదటి నుంచే నత్రజని వదులుతుంది. 30 దాటితే ముందు పట్టేసుకుంటుంది. వేరుశనగ చెక్కది ఏడెనిమిది, లేత జీలుగది 20 లోపే, వరిగడ్డిది 60 పైన. నీరు నిలిచిన మడిలో గాలి తక్కువ కాబట్టి సూక్ష్మజీవులు నెమ్మదిగా పెరుగుతాయి, లోటు లెక్క కొంత తగ్గుతుంది. కానీ అక్కడ ఇంకో బాధ ఉంది. పచ్చి గడ్డి గాలి లేకుండా కుళ్లితే సేంద్రియ ఆమ్లాలు, హైడ్రోజన్ సల్ఫైడ్ పుట్టి వేళ్లను దెబ్బతీస్తాయి.

రెండింటిలో ఏదో తేల్చుకోవాలంటే ఒక దుబ్బు పీకి చూడండి. వేళ్లు తెల్లగానో ఎర్రగోధుమ రంగులోనో ఉండి, అడుగాకులు ముందు పసుపెక్కితే నత్రజని లోటే. వేళ్లు నల్లబడి కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే మాత్రం యూరియా దండగ. నీళ్లు తీసేసి, సన్న నెర్రెలు పడేదాకా ఆరగట్టాలి. వచ్చే పంటకు గడ్డిని ముక్కలు చేయించి, నాట్లకు మూడు నాలుగు వారాల ముందే తడిమీద దున్నించండి. ఎకరాకు అరబస్తా యూరియా, 50 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ అప్పుడే వేయండి. ఆ యూరియా మొత్తం మోతాదులో భాగమే, అదనం కాదు.

ప్రశ్న: ఎకరాకు నాలుగు టన్నుల పశువుల ఎరువు తోలాను. యూరియా ఎంత తగ్గించుకోవచ్చు?
(పత్తి రైతు, జమ్మికుంట)

మొదటి పంటకు పదమూడు కిలోలు. అంతకంటే ఎక్కువ తగ్గిస్తే పైరు చెబుతుంది. మామూలు పశువుల ఎరువులో నత్రజని 0.5 శాతం, కాబట్టి నాలుగు టన్నులకు 20 కిలోలు. అందులో మొదటి పైరుకు అందేది సుమారు 30 శాతం, అంటే ఆరు కిలోలు. భాస్వరం, పొటాష్‌ల సంగతి మెరుగు, మూడింట రెండు వంతులు మొదటి ఏడే దక్కుతాయి. మిగతా నత్రజని తర్వాతి పంటలకు కొద్దికొద్దిగా వస్తుంది.

ఎరువు వేయని నేల కూడా ఊరికే ఉండదు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 9 లక్షల కిలోలు. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం అని వస్తే 4,500 కిలోల కర్బనం, దాంతోపాటు 400 కిలోల దాకా నత్రజని ఉన్నట్టు. ఏడాదికి ఖనిజీకరణ చెందేది అందులో 2–3 శాతం, అంటే 8 నుంచి 12 కిలోలు. 400 కిలోలున్నా పైరు ఆకలితో ఉండటానికి కారణం ఇదే.

వేసవిలో పొలమంతా చిన్న చిన్న కుప్పలు పోసి, తొలకరి దాకా ఎండకు వదిలేసే అలవాటు మాత్రం మానాలి. ఉన్న కాస్త అమ్మోనియా ఆవిరైపోతుంది. చల్లిన రోజే దున్నడం మేలు. ఇంకొకటి, ఎండి బీటలిచ్చిన నేల మీద మొదటి వాన పడగానే సూక్ష్మజీవుల పని ఒక్కసారిగా పెరిగి, కొద్ది రోజుల్లోనే నత్రజని పెద్ద ఎత్తున విడుదలవుతుంది. తూర్పు ఆఫ్రికా నేలల మీద 1950లలో బర్చ్ అనే శాస్త్రవేత్త దీన్ని వివరంగా చూపించాడు. అదనులో విత్తినవాడికి అది దక్కుతుంది. పదిహేను రోజులు ఆలస్యం చేస్తే తర్వాతి వానలకు నైట్రేటుగా మారి కిందికి దిగిపోతుంది. దిగి ఎక్కడికి పోతుందో తర్వాతి ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: మా చేదబావి పక్కనే పెంటకుప్ప ఉంది. నీళ్లు తేటగా, తియ్యగానే ఉంటాయి. నైట్రేటు 18 అని రిపోర్టు వచ్చింది. పరిమితి 45 కాబట్టి ఫరవాలేదా?
(గృహిణి, చేవెళ్ల)

రిపోర్టులో ఆ 18 పక్కన ఏం రాశారో మళ్లీ చూడండి. ‘నైట్రేటు’ అని ఉంటే ఫరవాలేదు. ‘నైట్రేటు నైట్రోజన్’ అని ఉంటే దాన్ని 4.43తో గుణించాలి. అప్పుడది దాదాపు 80 అవుతుంది. భారతీయ ప్రమాణం ప్రకారం లీటరుకు 45 మిల్లీగ్రాములే హద్దు, వేరే నీరు దొరకదన్న మినహాయింపు కూడా దీనికి లేదు.

పేడలోని నత్రజని ముందు అమ్మోనియంగా, గాలి ఉన్నచోట నైట్రేటుగా మారుతుంది. అమ్మోనియంను బంకమట్టి పట్టి ఉంచుతుంది, నైట్రేటును పట్టదు. అందుకే అది నీటితోపాటు నేరుగా దిగిపోతుంది. రంగు, వాసన ఉండవు. కాచితే పోదు సరికదా, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు, యూవీ దాన్ని ముట్టుకోవు, ఆర్‌ఓ తగ్గిస్తుంది. ఆరు నెలల లోపు పాపాయికి డబ్బాపాలు ఈ నీటితో కలపొద్దు. రక్తం ప్రాణవాయువును మోయలేక ఒళ్లు నీలమయ్యే ప్రమాదం ఉంది. కుప్పను బావికి వాలు దిగువకు మార్చి, కింద గచ్చు చేయించండి. మార్చిన వెంటనే తగ్గదు, మట్టిలో నిలవున్నది దిగిపోవడానికి ఒకటి రెండు వానాకాలాలు పట్టొచ్చు.

ప్రశ్న: వాన నీరు ఒకటే కదా. మా వీధిలో పాత బావి నీళ్లు చప్పగా ఉంటే, 600 అడుగుల బోరు నీళ్లకు గిన్నెలన్నీ తెల్లగా పొరకడుతున్నాయి. మాది సున్నపురాయి ప్రాంతం కాదు, అంతా నల్లరాయే. ఈ సున్నం ఎక్కడిది?
(విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లగొండ)

నల్లరాయి అంటున్న గ్రానైటులోనిదే. అందులో ఫెల్‌స్పార్ అనే తెల్ల, గులాబీ పలుకులు కనిపిస్తాయి చూడండి. వాటిలో కాల్షియం, సోడియం, పొటాషియం సిలికాతో బిగుసుకుని ఉంటాయి. వాన చుక్క గాలిలోంచి కాస్త బొగ్గుపులుసు వాయువు తీసుకుని 5.6 పీహెచ్‌తో నేలకు దిగుతుంది. అది చాలా బలహీనమైన ఆమ్లం. గాలిలో ఆ వాయువు 0.04 శాతమే. వేళ్లు, సూక్ష్మజీవులు ఊపిరి తీసే మట్టి రంధ్రాల్లో ఒక శాతం, ఒక్కోసారి అంతకు మించి ఉంటుంది. అంటే పాతిక రెట్లు. మట్టిలోంచి దిగేటప్పుడే నీటికి అసలు పులుపు వస్తుంది. ఆ పులుపు ఫెల్‌స్పార్‌ను తెల్ల బంకమన్నుగా మార్చి, కాల్షియం, సోడియం, కరిగిన సిలికాలను నీటిలోకి వదిలి, తాను బైకార్బొనేటుగా మారిపోతుంది. బావి నీరు నిన్నమొన్నటి వాన. బోరు నీరు రాతి పగుళ్లలో ఏళ్ల తరబడి నానిన నీరు. తేడా అంతా ఆ నానడంలోనే ఉంది.

గిన్నెలో జరిగేది దీనికి వ్యతిరేకం. వేడికి బొగ్గుపులుసు వాయువు లేచిపోయి, కాల్షియం బైకార్బొనేటు సున్నపురాయిగా పేరుకుంటుంది. బొర్రా గుహల్లో చుక్క చుక్కకూ రాయి పెరిగేదీ ఇలాగే, వేడితో కాకుండా గుహ గాలిలోకి వాయువు విడుదలై. లీటరుకు 300 మిల్లీగ్రాముల తాత్కాలిక కాఠిన్యం (కాచితే పొరగా దిగిపోయే సున్నం) ఉంటే, పది లీటర్లు కాచినప్పుడు మూడు గ్రాముల దాకా పొర వస్తుంది. నిమ్మ ఉప్పు రెండు చెంచాలు లీటరు నీటిలో వేసి కాచి, అరగంట ఉంచితే ఊడుతుంది. గీకితే గిన్నె పాడవుతుంది.

మీ జిల్లా కాబట్టి అడగకపోయినా చెప్పాలి. తెల్ల పొర కంటికి చెడ్డది, అంతే. కంటికి కనిపించనిది ఫ్లోరైడు. అది కూడా ఈ గ్రానైటులోని ఫ్లోరైటు, అపటైటు, నల్ల అభ్రకం నుంచే వస్తుంది. ఫ్లోరైడును అదుపులో ఉంచేది కాల్షియమే. రెండూ కలిస్తే కరగని కాల్షియం ఫ్లోరైడు అవుతుంది కాబట్టి, కాల్షియం ఎక్కువున్న నీటిలో ఫ్లోరైడు పెద్దగా పెరగలేదు. కాల్షియం సున్నంగా రాతిలోనే రాలిపోయి, సోడియం బైకార్బొనేటు మిగిలిన నీటిలో ఆ కట్టడి ఉండదు. అందుకే సబ్బు చక్కగా నురగొచ్చే బోరు నీటిలోనే ఫ్లోరైడు ఎక్కువ ఉండొచ్చు. నురగ చూసి మంచి నీళ్లనుకోవద్దు. మన దేశంలో ఫ్లోరోసిస్ మీద తొలి వైద్య నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వచ్చింది.

హద్దు లీటరుకు ఒక మిల్లీగ్రాము, వేరే నీరు లేకపోతే 1.5. టీడీఎస్ మీటరు దీన్ని చెప్పదు, అది మొత్తం లవణాల అంచనా మాత్రమే. నీటిని మెత్తబరిచే సాఫ్ట్‌నర్ కాల్షియం తీసి సోడియం ఇస్తుంది, ఫ్లోరైడును తీయదు. పరీక్షకు ఇచ్చేటప్పుడు బోరు పది నిమిషాలు వదిలి, ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు కడిగి, గాలి బుడగ మిగలకుండా అంచు దాకా నింపి మూత బిగించండి. సగం సీసా ఇస్తే దారిలోనే వాయువు తప్పించుకుని, సున్నం కొంత అడుగున రాలి, కాఠిన్యం తక్కువ చూపిస్తుంది. గాజు సీసాలో ఫ్లోరైడు నమూనా ఇవ్వొద్దు.

ప్రశ్న: ఎనిమిదేళ్లుగా బోరు కింద వేరుశనగ వేస్తున్నాం. ఇప్పుడు మచ్చలు మచ్చలుగా నేల ఇనుములా బిగుస్తోంది. నీళ్లు పెడితే బురదగా నిలుస్తాయి గానీ ఇంకవు. జిప్సం వేయమంటున్నారు. ఎంత?
(రైతు, కదిరి ప్రాంతం)

ముందు ఏ చౌడో చూసుకోవాలి. పైన తెల్లటి ఉప్పు పొర ఉండి కింద మట్టి మెత్తగా ఉంటే తెల్ల చౌడు, దానికి జిప్సం అక్కర్లేదు. గట్లు కట్టి మంచి నీటితో కడగాలి, మురుగు పోయే దారి ఉండాలి. మీరు చెప్పేవి కారు చౌడు, అంటే సోడియం పట్టిన నేల లక్షణాలు. మట్టి పరీక్షలో పీహెచ్ 8.5 దాటితే అనుమానం తీరినట్టే.

నీళ్లు ఏం మోసుకొస్తున్నాయో లెక్క కట్టి చూడండి. విద్యుత్ వాహకత, అంటే రిపోర్టులో ఈసీ, 1.5 ఉంటే లీటరులో లవణాలు సుమారు 960 మిల్లీగ్రాములు. ఎకరానికి ఒక అంగుళం తడి అంటే లక్షా మూడు వేల లీటర్లు. ప్రతి అంగుళానికీ దాదాపు వంద కిలోల లవణం పొలంలో దిగుతుంది. పంటకు 16 అంగుళాలు పెడితే 1,600 కిలోలు. మొక్క తీసుకునేది అందులో ఏపాటి! తడి ఆరేటప్పుడు ముందు సున్నం రాలిపోతుంది, సోడియం మిగులుతుంది. మిగిలిన బైకార్బొనేటుతో అది సోడా అవుతుంది. దానికి బంకమట్టి విడిపోయి రంధ్రాలు పూడుస్తుంది. మట్టిలోని జీవపదార్థం కూడా కరిగి పైకొచ్చి నల్లటి చారలుగా ఎండుతుంది.

నీటి రిపోర్టులో ఆర్‌ఎస్‌సీ అనే అంకె చూడండి. కాల్షియం, మెగ్నీషియంలకు సరిపోగా మిగిలే కార్బొనేటు, బైకార్బొనేటుల లెక్క అది. 1.25 లోపు మంచిది, 2.5 దాటితే సేద్యానికి పనికిరాదు. ఒక యూనిట్ తగ్గించడానికి లీటరుకు 86 మిల్లీగ్రాముల శుద్ధ జిప్సం కావాలి. మీది 5 అనుకుని 2.5కి దించాలంటే ఎకరా అంగుళానికి 22 కిలోలు, 70 శాతం శుద్ధత ఉన్న జిప్సం అయితే 32 కిలోలు. బోరు నీరు పడేచోట చిన్న తొట్టి కట్టి, జిప్సం ముద్దలు నింపి, నీరు అడుగు నుంచి పైకి వచ్చేలా పెడితే కరుగుతుంది. కాలువలో బస్తా పడేస్తే బయటి పొర మాత్రమే తడుస్తుంది. ఇప్పటికే చెడిన నేలకు ఎంత వేయాలో మట్టి పరీక్షలో ‘జిప్సం అవసరం’ అడిగి తీసుకోండి, ఊహించి వేయొద్దు. వేశాక మంచి నీరు నిలగట్టి కడగకపోతే సోడియం అక్కడే ఉంటుంది.

జీలుగ పూతకొచ్చినప్పుడు దున్నడం చౌడుకు ఉత్త నత్రజని కోసం కాదు. అది కుళ్లి విడిచే బొగ్గుపులుసు వాయువు, మట్టిలో ముందే రాలిన సున్నాన్ని మళ్లీ కరిగించి కాల్షియంను బయటికి తెస్తుంది. జిప్సం చేసే పనే, ఆలస్యంగా, చౌకగా. సున్నపు గులకలు లేని నేలలో ఈ లాభం రాదు.

ప్రశ్న: పుదుచ్చేరి దగ్గర తిరువక్కరైలో రాయిగా మారిన చెట్లు చూశాం. కొయ్య కుళ్లి మట్టైపోవాలి కదా, రాయెలా అయింది?
(ఇంటర్ విద్యార్థిని, తిరుపతి)

కుళ్లే వేగం తగ్గడం వల్ల. అక్కడి మానులకు కొమ్మలు, వేళ్లు లేకపోవడం గమనించే ఉంటారు. సుమారు రెండు కోట్ల ఏళ్ల కిందట వరదలో కొట్టుకొచ్చి ఇసుకలో లోతుగా పూడిపోయినవవి. గాలి అందక సూక్ష్మజీవుల పని మందగించింది. ఆలోగా నీటిలో కరిగిన సిలికా, నల్లగొండ జవాబులో చెప్పిన ఆ సిలికాలాంటిదే, కణాల గోడలకు అంటుకుంటూ, గొట్టాల్లో నిండుతూ వచ్చింది. గాలి తగిలి ఉంటే దుంగ ముందే బొగ్గుపులుసు వాయువై పోయేది, సిలికా పట్టడానికి ఆకారమే మిగిలేది కాదు.

ఎంత నీరు కావాలో ఒక అంచనా వేయొచ్చు. ఘనమీటరు దుంగ నిండటానికి కనీసం రెండు టన్నుల సిలికా కావాలి. నీటిలో లీటరుకు 30 మిల్లీగ్రాములు ఉండి, అంతా అక్కడే దిగిందనుకున్నా, ఆరున్నర కోట్ల లీటర్లకు పైగా ఆ దుంగ గుండా పారాలి. నిజానికి కొంతే దిగుతుంది కాబట్టి ఇంకా చాలా ఎక్కువ. ఇంటి దగ్గర ఎక్కడైనా ఇలాంటి ముక్క దొరికితే నిమ్మరసం చుక్క వేసి చూడండి. సున్నపురాయిలా పొంగదు, గాజు మీద గీస్తే గీత పడుతుంది. తిరువక్కరైలోవి మాత్రం రక్షిత శిలాజాలు, అక్కడి నుంచి చిన్న ముక్క తెచ్చినా నేరమే.