సిలికా గాజు నమూనా కట్టబోతున్న అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

సిలికా గాజుకి కంప్యూటర్‌లో నమూనా కడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. ఒక మాట ముందే చెబుతున్నా. ప్రతి సిలికాన్ చుట్టూ నాలుగు ఆక్సిజన్లు 1.62 ఆంగ్‌స్ట్రామ్‌ల (ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు) దూరంలో కుదిరాయి కదా అని పని ఆపేయకు. సిలికా స్ఫటికమైన క్వార్ట్జ్‌లోనూ దాదాపు అంతే ఉంటుంది. ఆ నాలుగు ఆక్సిజన్లు మూలలుగా ఏర్పడే నాలుగు ముఖాల ఆకారాలు, అంటే చతుర్ముఖులు, మూలల దగ్గర ఒకదానితో ఒకటి ఏ కోణంలో కలిశాయన్నదే గాజుని గాజు చేస్తుంది. 1932లో గాజు నిర్మాణం మీద రాసిన శాస్త్రవేత్త జకరియాసెన్ పట్టుకున్న కీలకం ఇదే.

1000 సిలికాన్లు, 2000 ఆక్సిజన్లు చాలు. ఘన సెంటీమీటరుకి 2.2 గ్రాముల సాంద్రత రావాలంటే పరమాణువులన్నిటినీ ఉంచే ఘనాకార పెట్టె భుజం 35.7 ఆంగ్‌స్ట్రామ్‌లు పెట్టు. పొరపాటున క్వార్ట్జ్ సాంద్రత 2.65 తీసుకున్నావో, కోణాలన్నీ నొక్కుకుపోతాయి.

పరమాణువుల మధ్య బలాలు లెక్కగట్టడానికి బీకేఎస్ పొటెన్షియల్ అనే సూత్రం వాడితే జాగ్రత్త. మరీ దగ్గరి దూరాల్లో దాని శక్తి పాతాళానికి పడిపోతుంది. నమూనాని కరిగించే 5000 కెల్విన్ వేడిలో ఒక సిలికాన్, ఒక ఆక్సిజన్ ఢీకొని అతుక్కుపోతే రన్ మొత్తం పాడవుతుంది. అక్కడ పరమాణువుల్ని దూరంగా నెట్టే వికర్షణ పదం ఒకటి సూత్రంలో తప్పకుండా చేర్చు.

క్వార్ట్జ్ నుంచి మొదలుపెడితే, ఆ వేడిలో పరమాణువులు సగటున ఐదారు ఆంగ్‌స్ట్రామ్‌లైనా కదిలాకే చల్లార్చు. లేకపోతే స్ఫటికం జాడ లోపలే ఉండిపోతుంది. పికోసెకనుకి (వెయ్యి ఫెమ్టోసెకన్లకి) 1 కెల్విన్ చొప్పున వేడిని 5000 నుంచి 300 దాకా దింపితే, లెక్కలో ఒక్కో అడుగు ఒక ఫెమ్టోసెకను చొప్పున 47 లక్షల అడుగులు పడతాయి. ఓపిక పట్టు. తొందరపడి దింపితే మూడు, ఐదు ఆక్సిజన్లున్న సిలికాన్లు, మూడు సిలికాన్లు ఆక్సిజన్ల ద్వారా గుండ్రంగా కలిసిన చిన్న చిన్న వలయాలు లెక్కకు మించి మిగులుతాయి.

ఇక పరీక్షలు. ఆక్సిజన్-ఆక్సిజన్ దూరం 2.6, సిలికాన్-సిలికాన్ దూరం 3.1 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గర రావాలి, ఇవి సులువుగానే వస్తాయి. అసలు చూడాల్సింది సిలికాన్-ఆక్సిజన్-సిలికాన్ కోణం. క్వార్ట్జ్‌లో అది 144 డిగ్రీల దగ్గర ఒక్కటే. గాజులో 120 నుంచి 180 దాకా పరుచుకుంటుంది. బీకేఎస్‌తో సగటు 150 కాస్త దాటితే కంగారుపడకు. వలయాలు కూడా లెక్కపెట్టు. ఆరు సిలికాన్లవి ఎక్కువగా, వాటికి అటూ ఇటూ అయిదు, ఏడు సిలికాన్లవి కనిపించాలి. ఈ బేసి వలయాలు క్వార్ట్జ్‌లో ఉండవు.

ఒక పరమాణువు నుంచి ఏ దూరంలో ఎన్ని పరమాణువులున్నాయో చూపే రేడియల్ వక్రం ఒక్కదాన్నే నమ్మకు, వేర్వేరు అమరికలు ఇంచుమించు ఒకే వక్రం ఇవ్వగలవు. గాజు మీద ఎక్స్ కిరణాలో న్యూట్రాన్లో పంపి అవి చెదిరే తీరు కొలిచే వివర్తన ప్రయోగంలో 1.5 విలోమ ఆంగ్‌స్ట్రామ్ దగ్గర వచ్చే మొదటి పదునైన శిఖరంతో పోల్చి చూడు. తర్వాత పరమాణువుల తొలి వేగాలు మార్చి ఇంకో నాలుగు నమూనాలు కట్టి, అన్నిటి సగటు పంపించు.