రెండు నెలల పొదుపుతో రాజీనామానా?

ప్రశ్న: విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసిన కొత్త ల్యాప్‌టాప్‌లు అమ్మే సంస్థ పెట్టబోతున్నాను. విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది కాబట్టి గిరాకీ ఉంటుందని నమ్మకం. మొదట 30 ల్యాప్‌టాప్‌లు కొనాలి. సగం డబ్బుకు పర్సనల్ లోన్ తీసుకుని, మిగతాది క్రెడిట్ కార్డు మీద నగదుగా తీస్తాను. ఉద్యోగం మానేస్తాను. పొదుపు రెండు నెలల ఇంటి ఖర్చుకు వస్తుంది. ఇంకేం చూసుకోవాలి?

జవాబు: రాజీనామా ఇంకా ఇవ్వకపోతే ఆపండి. వ్యాపారం మంచిదే. అమెరికాలో సిస్టమ్76 అనే సంస్థ 2005 నుంచి ఇదే పని చేస్తోంది. డెల్ కూడా 2012లో డెవలపర్ల కోసం ఉబుంటు అనే లైనక్స్ రకం వేసిన ఎక్స్‌పీఎస్ 13 ల్యాప్‌టాప్ తెచ్చింది. నాకు భయం వేసింది మీ రెండు నెలల పొదుపు చూసి.

సొంతంగా ఏదైనా మొదలుపెట్టేవాళ్లలో ఎక్కువమంది సరుకు లెక్క పైసాతో సహా కడతారు, ఇంటి లెక్క మాత్రం వదిలేస్తారు. జీతం ఉన్నవాళ్లకే ఆరు నెలల ఖర్చు పక్కన ఉండాలంటాను. జీతం వదిలేవాళ్లకు పన్నెండు నెలలు. అందులోంచి ఒక్క ల్యాప్‌టాప్ కూడా కొనకూడదు.

వారంటీ నిధి దీనికి వేరు. కొన్నాయన మూత మూసి, సాయంత్రం తెరిస్తే తెర నల్లగానే ఉంటుంది. లేదా వైఫై చిప్‌కు సరైన డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) ఉండదు. లైనక్స్ ఉచితమే, కానీ ఆయన పట్టుకునేది మిమ్మల్నే. డబ్బు వెనక్కి ఇమ్మంటే ఎక్కడినుంచి తెస్తారు? విండోస్ లైసెన్సు ఖర్చు తప్పిందని లాభంలో రాసుకోకండి, అది ఈ నిధిలోకే వెళ్లాలి.

కార్డు మీద నగదు సంగతి విని నిజంగా కోపం వచ్చింది. దానికి వడ్డీ లేని గడువు రోజులేమీ ఉండవు, తీసిన రోజు నుంచే వడ్డీ, పైగా రుసుము. కొత్త తరం ప్రాసెసర్ రాగానే మీ సరుకు ధర పడిపోతుంది, అప్పు మాత్రం ఒక్క పైసా తగ్గదు.

ఇంకో మాట. 2025 అక్టోబరు 14న విండోస్ 10కు మద్దతు ఆగింది నిజమే. కానీ ఇబ్బంది పడినవాళ్ల చేతిలో నడిచే ల్యాప్‌టాప్ ఉంది, అందులోనే లైనక్స్ వేసుకోవచ్చు. వాళ్లందరూ కొత్తది కొంటారని లెక్క వేసుకోవద్దు. పాతవాటిలో లైనక్స్ వేసిచ్చి రుసుము తీసుకోండి, దానికి స్టాక్ అక్కర్లేదు.

కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా ఉద్యోగంతోనే పోతుంది, సొంత పాలసీ ముందే తీసుకోండి.

ఉద్యోగం చేస్తూనే, జీతంలో మిగిలినదానితో రెండు ల్యాప్‌టాప్‌లు కొనండి. స్లీప్ (మూత మూసి తెరిస్తే మళ్లీ మేలుకోవడం), వైఫై, కెమెరా నెల రోజులు వాడి చూడండి. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకే తెప్పించండి. పన్నెండు నెలల నిధి నిండాక ఆ ఆర్డర్ల లెక్కతో మళ్లీ రాయండి, రాజీనామా సంగతి అప్పుడు మాట్లాడదాం.