ముందు తేదీ వేసుకో తల్లీ

యూసుఫ్‌గూడ, హైదరాబాద్

చిట్టితల్లీ,

క్రైమ్ సీరియల్‌లో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరావనీ, కంటిన్యుటీ, అంటే సీనుకీ సీనుకీ పొంతన చూసే పని, నీకే అప్పగించారనీ మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చాలా సంతోషం. ఇరవై ఏళ్లు ఆ పని చేసినవాణ్ణి కాబట్టి ఒక్క మాట చెప్పనివ్వు. స్క్రిప్ట్ చేతికి రాగానే, కథ ఏ సంవత్సరం ఏ నెలలో జరుగుతుందో డైరెక్టర్‌గారిని అడిగి మొదటి పేజీ మీద రాసుకో. "ఈ మధ్యే అనుకో" అంటే ఊరుకోకు.

2016 కథలో హంతకుడి కారుకి టీజీ నంబర్ పెట్టేస్తారు. టీజీ వచ్చింది 2024 మార్చిలో. అంతకు ముందు టీఎస్, తెలంగాణ రాకముందు ఏపీ. పాత బండి పాత నంబర్‌తోనే తిరుగుతుంది కాబట్టి ఇవాళ్టి కథలో ఏపీ 09 కనిపించినా తప్పు లేదు. సెక్షన్లకీ తేదీయే ఆధారం. హత్య 2024 జూలై 1కి ముందు జరిగితే ఐపీసీ 302, ఆ రోజు నుంచి అయితే దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత, అంటే బీఎన్‌ఎస్ 103. కోర్టు సీను ఇప్పటిదైనా సరే, పాత హత్యకి పాత సెక్షనే.

ఒకసారి 2010 నాటి కథకి అమీర్‌పేటలో షాట్ తీశాం. వెనక మెట్రో పిల్లర్లు ఉన్నాయని ఎడిటింగ్‌లో గాని చూసుకోలేదు. మెట్రో నడిచిందే 2017 నవంబర్‌లో. చూడాల్సింది నేనే. తెల్లవారుజామున మూడింటి నుంచి లైట్లు మోసినవాళ్ల కష్టం అలా పోయిందని ఇప్పటికీ బాధే.

తర్వాత, కథలో ఎన్నో రోజో ప్రతి సీను పక్కన రాయి. సీన్లు వరసగా తీయరు కదా, పొద్దున నలభయ్యో సీను, సాయంత్రం పన్నెండోది. కట్టు ఏ చేతికి ఉందో ముందు నుంచీ పక్కల నుంచీ ఫోటో తీసి పెట్టుకో. రాత్రి ఎర్రగా ఉన్న రక్తపు మరక తెల్లారేసరికి గోధుమరంగుకి తిరగాలి, మేకప్ వాళ్లకి గుర్తుచెయ్యి. అరెస్టైనవాణ్ణి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. నీ లెక్కలో మూడు రోజులు లాకప్‌లోనే ఉన్నాడంటే రచయితని అడుగు.

యూనిఫాం దగ్గర భుజం చూడు. ఇన్‌స్పెక్టర్‌కీ డీఎస్పీకీ మూడేసి నక్షత్రాలే, ఎరుపు నీలం రిబ్బన్ మాత్రం ఇన్‌స్పెక్టర్‌కే. హైదరాబాద్ కమిషనరేట్‌లో ఆ డీఎస్పీని ఏసీపీ అంటారు, డైలాగ్‌లో సరిచూసుకో. ఆ బట్టలు నిజంగా వేసుకునేవాళ్ల ఇళ్లల్లో కూడా మన సీరియల్ చూస్తారమ్మా.

ఆదివారం స్క్రిప్ట్ పట్టుకుని ఇంటికి రా. రోజుల లెక్క ఇద్దరం కూర్చుని వేద్దాం.

మీ పెదనాన్న